సి నాకు, డి తమ్ముడికి

మా ముత్తాత మోత్కూర్ దిక్కున మూడు ఊళ్లకు మాలీపటేల్. ఆ ఊళ్ల శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేది. మా తాత రామన్నపేట తహసీల్ కచేరీకి పోతే ఆయనకు కుర్చీ వేసేవారు. మిగతావాళ్లు నిలబడేవారు. మా బాపు కూడా పటేల్‌గానే బతికాడు, ఎనభైల నడుమ సర్కారు ఆ పద్ధతినే ఎత్తివేసేదాకా. ఉద్యోగం పోయిందని మా ఇంట్లో ఎవరూ అనలేదు. మేం దాన్ని ఎన్నడూ ఉద్యోగం అనుకోలేదు.

అన్నదమ్ములు వేరుపడాలనుకుంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా గడపకే వచ్చేవారు. మా తాత చెప్పే పద్ధతి ఒక్కటే. పెద్దోడు పంచాలె, చిన్నోడు కోరుకోవాలె. ఏది తనకు మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దవాడు భాగాలు సమంగానే వేస్తాడు. చిన్నవాడు ముందు కోరుకుంటాడు. కోరుకున్నాక ఇక మాట లేదు. అదే ఎందుకు కోరుకున్నావని పెద్దవాడు అడగకూడదు, మళ్లీ ఆలోచించుకొమ్మని చెప్పకూడదు. అడిగితే ఆ భాగం మీద అతని కన్ను ఉన్నట్టు లెక్క. ఈ పద్ధతిన తెగిన పంపకం కోర్టుకెక్కిందని నేను వినలేదు.

బాపు పోయాక నేనూ మా తమ్ముడూ చెలక భూమి అట్లాగే పంచుకున్నాం. బావి పక్కది చిన్నది, రాళ్లది పెద్దది. భాగాలు నేను వేశాను. వాడు బావి పక్కది కోరుకున్నాడు. నేను రాళ్లది తీసుకున్నాను. ఆ పూటే ఇద్దరం ఒకే పీట మీద కూర్చుని తిన్నాం.

పంచుకోనిది రామన్నపేట బస్టాండు ఎదుటి మల్గి ఒక్కటే. ఒకే షట్టరు ఉన్న కొట్టుగది. బాపు మంచిరోజుల్లో కొన్నది. చెలక పంచుకున్న అన్నదమ్ములను లోకం ఏమీ అనదు. కొట్టు కూడా పంచుకుంటే మాత్రం 'పటేలోళ్లు వేరుపడ్డరు' అంటుంది. ఆ మాట నేను బతికుండగా పుట్టకూడదని నా పట్టుదల. తొంభైలు ముగుస్తున్న రోజుల్లో అందులో ఒక కంప్యూటర్ పెట్టి పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బడి పరీక్షల ప్రశ్నపత్రాలు తయారు చేసేవాళ్లం. యంత్రం మీద కూర్చునేది తమ్ముడు. వచ్చినవాళ్లతో మాట్లాడటం, అచ్చుతప్పులు దిద్దడం నా పని. పెళ్లిపత్రికలో పెద్దల పేర్లు ఏ వరుసలో ఉండాలో నాకు తెలిసినట్టు ఆ తాలూకాలో ఇంకొకరికి తెలియదు. మేం తయారు చేసినదాన్ని పక్క మల్గిలోని సాబు తన ప్రెస్సులో అచ్చువేసేవాడు. ఆయన తండ్రి మా బాపుకు స్నేహితుడు. సాబు వయసులో నాకంటే పెద్దవాడే అయినా నన్ను పటేలా అనే పిలిచేవాడు.

వీటన్నిటిలోకి లినక్స్ ఎట్లా వచ్చిందో చెప్పాలి. నల్లగొండ బస్టాండులో ఒక ఇంగ్లీషు కంప్యూటర్ పత్రిక కొన్నాను. దానికి ఒక సీడీ అంటించి ఉంది. బస్సులో చదువుకుంటూ వస్తే అందులో ఒక వ్యాసం. దుకాణాల వాళ్లు విడిభాగాలు బిగించి యంత్రాలు ఇచ్చేటప్పుడు విండోస్‌ను కొనకుండా దొంగచాటుగా ఎక్కించి ఇస్తారనీ, అది చోరీయేననీ అందులో రాశారు. మా యంత్రాన్ని బిగించి ఇచ్చిన హైదరాబాదు కుర్రవాడు ఆ వారమే ప్రింటరు బాగుచేయడానికి వచ్చాడు. మాది కొన్నదా, దొంగదా అని నిలదీశాను. వాడు నవ్వాడు. "అందరి తాన గదే సార్. ఎవ్వలడుగుతరు?" అన్నాడు.

మా పేరున్న బోర్డు కింద, రోజూ అగరుబత్తి వెలిగించే చోట, ఇన్నాళ్లుగా దొంగసొత్తు నడుస్తోందన్నమాట. తమ్ముడితో చెబితే వాడు పెద్దగా చలించలేదు. ఊరంతా అట్లాగే ఉందన్నా అన్నాడు. ఊరంతా ఉండవచ్చు. మేం ఉండకూడదు.

ఆ సీడీలో ఉన్నది లినక్స్. దాన్ని ఎవరైనా పెట్టుకోవచ్చట, ఎన్ని యంత్రాల్లోనైనా, ఎవరినీ అడగకుండా. ఈ సంగతి మొదటిదానికంటే ఎక్కువ కలవరపెట్టింది. యజమాని లేని సొత్తు నేను ఎరుగను. పోరంబోకు భూమి కూడా సర్కారుదే కదా. మూడుసార్లు చదివాక అది నిజమేనని, దొంగతనం కాదని నమ్మకం కుదిరింది. అయితే విండోస్‌ను పూర్తిగా తీసేయడానికి వీల్లేదు. తెలుగు అక్షరాలు కొట్టే సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది. ఆ తెలుగుది మాత్రం మేం రసీదుతో కొన్నదే. దానికి తాళంలాంటి ఫ్లాపీ ఒకటి ఇచ్చారు. ఒక యంత్రంలోకి ఎక్కించగానే ఆ తాళం యంత్రంలోకి పోయి ఫ్లాపీ ఉత్తదవుతుంది. మళ్లీ ఎక్కించాలంటే ముందు తాళాన్ని యంత్రం నుంచి ఫ్లాపీలోకి వెనక్కి తెచ్చుకోవాలి. ఇది తమ్ముడికి తెలుసు. నాకు అప్పటికి తెలియదు.

ఒకే యంత్రంలో లినక్స్, విండోస్ పక్కపక్కన ఉండవచ్చని, స్విచ్చి వేయగానే ఏది కావాలో యంత్రమే అడుగుతుందని పత్రికలో ఉంది. లినక్స్‌కు డిస్కులో ఒక భాగం విడిగా ఇవ్వాలి. మా డిస్కు అప్పటికే రెండు భాగాలుగా ఉంది. సి ఒకటి, డి ఒకటి. ఇక పంచేదేముంది, కోరుకోవడమే మిగిలింది.

ఒక ఉదయం మల్గి తెరిచాక తమ్ముడిని అడిగాను. వాడు ప్రెస్సుకిచ్చే నమూనాలు తీయడానికి బటర్ పేపరు కత్తిరిస్తున్నాడు.

"తమ్మీ, డిస్కు రెండు భాగాలుంది. సి, డి. కొత్తది ఒకదాంట్ల పెడ్త. నీకేది గావాలె?"

వాడు తల తిప్పకుండానే చెప్పాడు. "డి నాకుండనియ్యన్నా. నా పనంత గండ్లనే ఉన్నది."

"అయితే సి నాది" అన్నాను. అంతే మాట.

సి లో ఏముందో నేను తెరిచి చూశాను. మేమిద్దరం పెట్టనివి, ఏవేవో ఇంగ్లీషు పేర్ల మూటలు ఉన్నాయి. యంత్రం బిగించినవాడు వదిలిపోయిన చెత్త అనుకున్నాను. విండోస్ అంటే సి కి, డి కి పైన ఉండేదని నా అవగాహన. రెండు వాటాల ఇంటికి ఒకే వసారా ఉన్నట్టు, ఎవరి వాటాలోకి పోవాలన్నా దాని మీదుగానే పోవాలి, అది ఎవరి వాటాలోనూ ఉండదు. తెర మీద చూస్తే అట్లాగే కనిపించేది కూడా. తమ్ముడు రోజంతా దాని ముందు కూర్చునేవాడు. సి లో పనికొచ్చేది ఏమైనా ఉంటే వాడు సి నే కోరుకునేవాడు కదా. కోరుకున్నవాడిని ఎందుకని అడగడం మా ఇంట్లో లేదు.

తమ్ముడు ఆముదాలు కోయించడానికి ఊరికి పోయిన రోజు పని మొదలుపెట్టాను. కరెంటు ఉదయం పోయి మధ్యాహ్నం వచ్చింది. ప్రెస్సులో పని లేక సాబు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సీడీ వేయగానే నీలం తెర వచ్చింది. బొమ్మలు లేవు, అన్నీ ఇంగ్లీషు వరుసలు. ఒక్కొక్కటి చదివి, పత్రికతో సరిచూసుకుని, మీట నొక్కాను. ఏ భాగంలో పెట్టాలో అడిగింది. మొదటిది చూపించాను. అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, సమ్మతమేనా అని అడిగింది. నా భాగాన్ని నేను తుడుచుకుంటే ఎవరికి అభ్యంతరం? సమ్మతమేనన్నాను.

ఆ తర్వాత పేర్లు వరసపెట్టి పైకి పోసాగాయి. ఎప్పుడూ వినని పేర్లు. సాబు రెండు చాయ్‌లు తెప్పించాడు. రెండూ తాగేశాం, ఇంకా పోతూనే ఉన్నాయి.

"ఎందర్ని దించుతున్నవ్ పటేలా ఇంట్లకు? పెండ్లివారు దిగినట్టున్నరు" అన్నాడు సాబు.

నాకూ నవ్వు వచ్చింది. నాకు తెలిసి రామన్నపేటలో అప్పటికి ఈ పని ఎవరూ చేయలేదు. ఆ సంగతి నాకు బాగానే అనిపించింది.

పని ముగిసింది, సీడీ తీసి యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టమంది. మొదలుపెట్టాను. ఏది కావాలని అడుగుతుందని, రెండు పేర్లు కనిపిస్తాయని చూస్తున్నాను. ఒక్క పేరే కనిపించింది. తెర నల్లబడి, తెల్లని వరుసలు గబగబా దిగి, చివరికి ఒక్క మాట దగ్గర ఆగింది. లాగిన్. దాని పక్కన చిన్న గీత మినుకుమినుకుమంటోంది.

నువ్వెవరు అని అడగడమది. మా మల్గిలో, మా బల్ల మీద, మేం కొన్న యంత్రం నన్ను నువ్వెవరని అడిగింది. పత్రికలో చూసి పేరు చెప్పాను, సంకేతపదం చెప్పాను. లోపలికి రానిచ్చింది. లోపల కూడా నలుపే. మూలన ఒక గుర్తు, మళ్లీ అదే గీత. విండోస్ అని కొట్టాను. అలాంటి ఆజ్ఞ ఏదీ లేదని ఒక వరుస వచ్చింది. పెద్ద అక్షరాల్లో కొట్టాను. మళ్లీ అదే వరుస. యంత్రం ఆపి, మళ్లీ వేశాను. మళ్లీ లాగిన్.

వసారా లేదు. ఇల్లంతా వెతికినా వసారా లేదు.

"కరాబైందా?" అన్నాడు సాబు, ఈసారి నవ్వకుండా.

కాలేదు, తమ్ముడు వస్తే చూసుకుంటాడు అన్నాను.

తమ్ముడు సాయంత్రం బస్సుకు వచ్చాడు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ తెర వైపు చూశాడు. తుడుచుకోవడం ఆపాడు.

"విండోస్ ఏదన్నా?"

"నీ డి భద్రంగనే ఉన్నది. నేను ముట్టలే."

"డి ఉంటదన్నా. విండోస్ సి ల ఉండె." వాడు కూర్చోలేదు. "తెలుగుది గుడ సి లనే ఉండె. దాని తాళం గుడ."

నాకు అర్థం కావడానికి సమయం పట్టింది. అర్థమయ్యాక మొదట నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మరి డి నువ్వే కోరుకుంటివి గద."

"నువ్వడిగినవ్, నేను చెప్పిన. పెద్దోనివి. అన్ని తెలిసే అడిగినవనుకున్న. సి ల కొసకు జర జాగ ఉన్నది, గా జాగల పెడ్తవేమో అనుకున్న."

"నాకు చెప్పకపోతివి?"

"పంచెటోనికి చెప్తరా అన్నా?"

వాడు చెప్పింది నిజం. పంచేవాడికి ఎట్లా పంచాలో చిన్నవాడు చెప్పడు. కోరుకున్నవాడిని పెద్దవాడు ప్రశ్నించడు. ఇద్దరం మా మా హద్దుల్లోనే ఉన్నాం. ఎక్కడా గీత దాటలేదు. అయినా ఆ సాయంత్రం మా మల్గిలో తెలుగులో ఒక్క అక్షరం రాసే దిక్కు లేకపోయింది.

సాబు ఇంకా అక్కడే ఉన్నాడు. "మా తాన పంపకమంటే నాలుగు దినాలు కొట్లాడుకుంటం పటేలా. ఒగన్నొగడు అన్ని అడుగుతం, అన్ని తిడ్తం. గందుకే గిసొంటియి కావు" అని లేచిపోయాడు.

హైదరాబాదు కుర్రవాడిని పిలిపించాం. ఈసారి విండోస్‌ను డబ్బిచ్చి కొనిపించాను. సి లో దాన్ని పెట్టగానే డి కనిపించింది. తమ్ముడు చేసిన పెళ్లిపత్రికలన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ఒక్కటీ తెరుచుకోలేదు. తెరిచిన చోటల్లా ముక్కలు విరిగిన గీతలు, చుక్కలు. తెలుగు సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించబోతే ఫ్లాపీలో తాళం లేదంది. తమ్ముడు ఆ కంపెనీకి ఫోను చేశాడు. తాళాన్ని వెనక్కి తీసుకోకుండా తుడిచేస్తే తామేమీ చేయలేమని, కొత్తది కొనుక్కోవలసిందేనని వాళ్లు మర్యాదగానే చెప్పారు. విండోస్ కొన్నాక మళ్లీ అంత పెట్టే స్థితి మాకు లేదు.

అప్పుడే మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయి. పత్రికలు ఒప్పుకున్నవాళ్లు వచ్చి అడిగేవారు. మా తాత పంపకం తీర్చిన ఇంటి పెద్దమనిషి ఒకాయన మనవరాలి పెళ్లిపత్రిక కోసం వచ్చాడు. జరిగిందంతా నిలబడే విన్నాడు. "ఫికర్ లేదు పటేలా, భువనగిరిల కొట్టిచ్చుకుంట" అన్నాడు. ఆయన తర్వాత మిగతావాళ్లు భువనగిరికే పోయారు. కొందరు మమ్మల్ని అడగకుండానే పోయారు. ఆ నెలలో తమ్ముడు నాతో ఒక్క కఠినమైన మాట అనలేదు. పొద్దున్నే వచ్చేవాడు, ఇంగ్లీషు పనులు ఏవైనా ఉంటే చేసేవాడు, నాకంటే ముందు ఎప్పుడూ కూర్చునేవాడు కాదు.

నేను లినక్స్‌ను వదల్లేదు. వదిలితే ఈ నష్టమంతా వట్టి పిచ్చిపనికి జరిగినట్టవుతుంది. ఈసారి తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎక్కడుందో ఒక్కొక్కటి అడిగాను. అట్లా అడగడం నాకు తేలిక కాలేదు. వాడు చెప్పాడు. విండోస్‌లోవన్నీ ఒక పక్కకు జరిపి సర్దే పని ఒకటి ఉంటుంది, ముందు అది చేశాం. తర్వాత సి నే రెండుగా చేసి చివరి ముక్కలో లినక్స్ పెట్టాను. స్విచ్చి వేస్తే యంత్రం ఆగి ఏది కావాలని అడిగింది. ఒక పేరు కొడితే నల్ల తెర, ఇంకో పేరు కొడితే తమ్ముడి పాత రంగుల తెర. రెండూ వచ్చాయి, ఒకదాన్ని ఒకటి ముట్టుకోలేదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఏది రావాలో ముందే నిర్ణయించాలి. ఆ మొదటి స్థానం తమ్ముడిదైన విండోస్‌కే ఇచ్చాను. పెద్దవాడిగా నేను ఇవ్వగలిగింది అది.

తమ్ముడు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. బాగున్నదన్నా అన్నాడు. తర్వాత కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఇగ మల్గి గుడ పంచుకుందమన్నా."

నేను ఏదో అనబోయాను. వాడు చెయ్యెత్తి ఆపాడు. అట్లా వాడు నన్ను ఎప్పుడూ ఆపలేదు.

"ఈసారి నేను పంచుత. నువ్వు కోరుకో."

మా వంశంలో, మా తాత పంచిపెట్టిన అన్ని ఇళ్లలో, చిన్నవాడు పంచి పెద్దవాడు కోరుకున్న పంపకం ఒక్కటి లేదు. తిట్టినా, చెయ్యి చేసుకున్నా ఇంత అదిరిపడేవాడిని కాను. వాడి ముఖంలో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. బాగా ఆలోచించుకుని, నాకు నష్టం రాకుండా చూడాలనే వాడు ఈ మాట అంటున్నాడు. అది ఇంకా భరించలేకపోయాను.

"మల్గి ఒక భాగం. కంప్యూటరు, ప్రింటరు, గీ సామానంత ఒక భాగం" అన్నాడు. "నీకేది గావాలంటె గది తీస్కో. నేను ఎందుకని అడగ."

"చిన్నోడు పంచుడేంది రా?"

"పెద్దోడు పంచితె ఏమైందో చూస్తిమి గదన్నా."

నేను మల్గిని కోరుకుంటే వాడికి బతుకుతెరువుకు ఆ పెట్టె మాత్రమే ఉంటుంది, దాన్ని పెట్టుకునే చోటు ఉండదు. పెట్టెను కోరుకుంటే బాపు కొన్న గోడలు నా చేతులతో నేనే వదులుకున్నట్టు. కానీ నేను ఆగిపోయింది ఈ లెక్క దగ్గర కాదు. వేలెత్తి ఏదో ఒకటి చూపించిన ఆ క్షణమే నేను మా ఇంటికి చిన్నవాడినవుతాను. వారం రోజులు వాడు ఎదురుచూశాడు. రోజూ మల్గి తెరిచేటప్పుడు ఒక్కసారి నా వైపు చూసేవాడు. అడగలేదు, కోరుకునేవాడిని అడగకూడదు కనుక. నేను కోరుకోలేదు. భాగాలు తిరిగి నేను వేస్తానని కూడా అనలేకపోయాను, వాడు ఇక నా భాగాల్లోంచి కోరుకోడని నాకు తెలుసు.

మా మేనమామ మోత్కూర్ నుంచి వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టాడు. ఒకడు కోరుకోడు, ఒకడు పెద్దోన్ని పంచనియ్యడు, అట్లయితే మూడోవాడికి అమ్మి పైసలు సగం సగం చేసుకోవడమే తోవ అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. నేను తల ఊపాను.

ఆ ఎండాకాలం మల్గిని ఎరువుల వ్యాపారి ఒకతనికి అమ్మాం. కంప్యూటరు, ప్రింటరు, బల్ల, రెండు కుర్చీలు దానితోపాటే అమ్మాం.